భద్రతా వారోత్సవాల డబ్బా

మూత తీసి చూస్తే లోపల మొగుడు లేడు. ఉలవపొడి ఉంది.

వరహాలమ్మ మూత పెట్టేసింది. చలికి కళ్లు నీళ్లు కారి సరిగా కనబడలేదేమో అనుకుని కొంగుతో తుడుచుకుని మళ్లీ తీసింది. ఉలవపొడే. ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ వేసి, ఇల్లు కదిలే ముందు రోజు తనే దంచి, తనే ప్లాస్టిక్ కవరులో కట్టి, తనే టేపు చుట్టిన పొడి. మనాలికి పైన కొండవాలు. మోకాలి లోతు మంచు. ఆ మంచులో జారి పడుతూ కేకలు పెడుతున్న కొత్త జంటలు. వాళ్ల మధ్య గాజువాక నుంచి వచ్చిన యాభై ఎనిమిదేళ్ల మనిషి, చేతిలో స్టీలు డబ్బా, డబ్బాలోంచి వెల్లుల్లి వాసన.

పక్కన కూతురు ఆశాజ్యోతి చేతులు కట్టుకుని, ముఖం గంభీరంగా పెట్టుకుని నిలబడి ఉంది. తండ్రికి వీడ్కోలు చెప్పడానికి రెండు ముక్కలు ముందే అనుకుని వచ్చింది పాపం.

“ఇంక వదిలెయ్యమ్మా. ఎంతసేపని పట్టుకుంటావు?”

“వదలడానికి మీ నాన్నుండాలి కదే. పొడొచ్చీసినాది.”

“ఏం పొడి?”

“ఉలవపొడి.”

ఆశాజ్యోతి డబ్బాలోకి తొంగి చూసింది. అనుకుని వచ్చిన రెండు ముక్కలూ పొడికి చెప్పేవి కావు.

ఇదెలా జరిగిందో చెప్పాలంటే ముందు డబ్బా సంగతి చెప్పాలి. ఏటా మార్చిలో స్టీలు ప్లాంటులో భద్రతా వారోత్సవాలు జరుగుతాయి. ఉపన్యాసాలు, ప్రతిజ్ఞ, చివర్లో మనిషికో బహుమతి. చాలా ఏళ్లు తువ్వాలు ఇచ్చారు, ఒక ఏడు గొడుగు ఇచ్చారు, మిగిలిన ఏళ్లన్నీ స్టీలు డబ్బాలే. కిలో పంచదార పట్టే గుండ్రటి డబ్బా, మూత మీద ‘భద్రతే ప్రథమం’ అని చెక్కిన అక్షరాలు. వరహాలమ్మ ఉండే వీధిలో ప్లాంటు మనిషి లేని ఇల్లు లేదు కాబట్టి ఆ డబ్బా లేని వంటిల్లూ లేదు. పెళ్లికి లడ్డూలతో ఒక డబ్బా వెళ్తే జంతికలతో ఇంకోటి తిరిగొస్తుంది. ఎవరిది ఎవరిదో ఎవరూ అడగరు. లోపలి సరుకే గుర్తు.

వరహాలమ్మ భర్త శ్రీరామ్మూర్తికి ముప్పై నాలుగేళ్ల సర్వీసులో పదకొండు డబ్బాలు వచ్చాయి. ఆయన పని కోక్ ఓవెన్ల దగ్గర. బొగ్గు కాలి కోక్ అయ్యే ఆ బట్టీల తలుపుల ముందు నిలబడితే చెప్పుల అడుగు మెత్తబడుతుంది. బి షిఫ్టు దిగి ఇంటికొచ్చి, పెరట్లో నాలుగు బకెట్లు నెత్తిన గుమ్మరించుకుని, తడి తుండుతోనే ఫ్యాన్ కింద కూచుని టీవీలో మంచు కొండలు చూసేవాడు. పాటలొద్దు, వార్తలొద్దు, సీరియళ్లు అసలే వద్దు. మంచు. మంచులో జడలబర్రె నడుస్తూ ఉంటే చాలు, నోరు తెరుచుకుని చూసేవాడు.

“వరాలూ, రిటైరైపోయేక రైలెక్కి, బస్సెక్కి ఎల్లిపోదామే. సంచీ భుజాన తగిలించుకుని. ఆ మంచులో ఓ గంట నిలబడితే గానీ నా ఒళ్లు సల్లారదు.”

“నిలబడు. నాను బస్సులో కూకుంతాను,” అనేది ఆవిడ.

రిటైరయ్యాడు. ఆశాజ్యోతికి హైదరాబాదులో మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది, దానికి ఇల్లు చూడాలన్నారు. తర్వాత డాబా పైన గది వేశారు. తర్వాత మోకాలు నొప్పి. ఇంక వచ్చే చలికాలం ఖాయం అనుకుంటుండగా నవంబరులో ఒక ఉదయం పళ్లు తోముకుంటూ కూలిపోయాడు. ఆసుపత్రి దాకా వెళ్లేసరికే అయిపోయింది. ఆటోలో ఆయన తల వరహాలమ్మ ఒళ్లో ఉంది. అప్పుడు ఆయన చెవిలో చెప్పింది, మంచుకి తీసుకెళ్తానని. విన్నాడో లేదో తెలియదు. మాట మాత్రం ఇచ్చేసింది.

కొడుకు లేడు గనక ఆయన తమ్ముడు గురునాథరావు తలకొరివి పెట్టాడు. మూడో రోజు ఎముకలు ఏరి భీమిలి దగ్గర గోస్తని సముద్రంలో కలిసే చోట కలిపేశాడు. శాస్త్రం ప్రకారం అన్నీ సక్రమంగా జరిగాయని నలుగురికీ నాలుగు సార్లు చెప్పాడు. ఆయన ఎముకల మీద దృష్టి పెట్టిన సమయంలో, వెంట వెళ్లిన ఆశాజ్యోతి లంచ్ బ్యాగులోంచి భద్రతా వారోత్సవాల డబ్బా తీసి నిండా బూడిద ఎత్తుకుంది. శాస్త్రం అటు చూస్తున్నప్పుడే మనిషికి కావలసిన పనులు అవుతుంటాయి.

ఈ సంగతి తల్లీకూతుళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే ఊరుకోరు. ముఖ్యంగా సన్యాసమ్మ ఊరుకోదు. శ్రీరామ్మూర్తికి అక్క, వరహాలమ్మకి వదిన, ఉండేది తగరపువలస. శవం వెళ్లిన వీధిలో నడిస్తే మూడు స్నానాలు చేసే మనిషి. కాటి బూడిద ఇంట్లో ఉందంటే ఇల్లంతా కడిగించి, ఆ బూడిదతో పాటు తల్లీకూతుళ్లని కూడా సముద్రం దాకా నడిపిస్తుంది.

ప్రయాణం అనగానే ఆవిడే అడ్డం తిరిగింది.

“ఏడాది తిరక్కుండా ఎక్కడికే? గుడికి ఎల్లకూడదు, కొండెక్కకూడదు.”

“గుడికి ఎల్నంటున్నాను కదా వదినా. మంచు సూసొత్తాం.”

“మంచు సూడొచ్చో నేదో పంతుల్ని అడిగేవా?”

అడిగారు. మంచు గురించి పంతులుగారి దగ్గర ఏమీ లేదు. ఆయన జీవితంలో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదట. నిషేధం దొరక్కపోవడంతో సన్యాసమ్మ మెత్తబడి, ఇల్లు చూసుకోవడానికి తనే బట్టల సంచీతో దిగింది. దిగింది కాబట్టే ఇంత పనీ జరిగింది.

జనవరి ఆఖరు. బయలుదేరే ముందు సాయంత్రం వరహాలమ్మ చీరల అడుగున దాచిన డబ్బాని వంటింట్లోకి తెచ్చి, కవరు చుట్టి టేపు వేసింది. అదే పద్ధతిలో ఉలవపొడి డబ్బాకీ చుట్టింది, దారిలో ఒలికిపోకుండా. ఇంతలో సన్యాసమ్మ కాఫీ కోసం లోపలికి రావడంతో రెండింటినీ గభాల్న అలమార్లో తోసేసింది. కుడివైపుది మొగుడు, ఎడమవైపుది పొడి. ఇంతకన్నా పెద్ద లెక్కలు మనసులో ఎన్నో మోసిన మనిషి, ఇది మోయలేదా? కానీ పొద్దున్నే ఉప్పు కోసం చెయ్యి పెట్టిన సన్యాసమ్మ డబ్బాలు అటూ ఇటూ జరిపింది. వరహాలమ్మ కుడివైపుది తీసి, నుదుటికి ఆనించి, సంచీలో పెట్టుకుంది. ఎడమవైపుది ఆశాజ్యోతి తీసుకోవాలి. ఆటో వాడు హారన్ కొట్టాడు. ఆశాజ్యోతి మరిచిపోయింది.

రైలు సామర్లకోట దాటాక ఆ మరుపు బయటపడింది.

“ఏటే, పొడి డబ్బా తేలేదా? పదిహేను రోజులు ఏటి పెట్టుకు తింటాం?”

“అక్కడ రొట్టెలుంటాయమ్మా.”

“రొట్టెల్లోకి ఏటుంటాది?”

“పప్పుంటుంది.”

“కారం?”

ఆశాజ్యోతి కిటికీలోంచి బయటికి చూసింది.

వీపు సంచి వరహాలమ్మకి కొత్తేమీ కాదు. పెళ్లికి ముందు తగరపువలస దగ్గర పల్లెలో గడ్డిమోపులు మోసింది, పెళ్లయ్యాక గ్యాసు బండలు మోసింది. చీర మీద స్వెట్టరు, స్వెట్టరు మీద సంచి, తలకి మఫ్లరు, కాళ్లకి బూట్లు. ఢిల్లీ స్టేషనులో అద్దంలో తనని తాను చూసుకుని ఎవరో అనుకుని పక్కకి తప్పుకుంది.

అక్కడి నుంచి అన్నీ షాకులే. ఢిల్లీ చలి ముందు షాకు. పొద్దున్న పది దాటినా సూర్యుడు రాకపోవడం రెండో షాకు. హరిద్వార్ బస్సులో పక్క సీటులో మేకపిల్లతో ఒకాయన కూచున్నాడు, దానికి టిక్కెట్టు కూడా తీశాడు. అన్నం అడిగితే రాజ్మా పోసి ఇచ్చారు, చారు అనుకుని నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. అన్నిటికన్నా పెద్ద షాకు ఏమిటంటే, ఇంత దేశంలో ఎవరూ ఆవిడని ఎవరి తాలూకా అని అడగలేదు. మీ ఆయన ఏం చేసేవారు, ఎప్పుడు పోయారు, ఏడాది తిరిగిందా, ఏమీ లేదు. “మాతాజీ, జరగండి” అన్నారు, అంతే. ఆవిడ జరిగింది. మూడు నెలల్లో మొదటిసారి గుండెల నిండా గాలి పీల్చుకుంది, పీల్చుకున్నందుకు సిగ్గుపడింది.

ఎక్కడికెళ్లినా కిటికీ సీటు తనది. డబ్బా ఒళ్లో. ఎవరూ వినకుండా పెదవులు కదిపేది.

“బావా, గంగ సూడు. మన మేఘాద్రిగెడ్డ కంటే సల్లగున్నాది నీరు.”

“బావా, బొమ్మ రైలు. కొండ సుట్టూ ఎలగ తిరుగుతుందో సూడు, నీ మాటల్నాగ.”

హరిద్వారంలో ఒక పండా, అక్కడ కర్మలు చేయించే పూజారి, ఆవిడ ఒళ్లో డబ్బా చూసి వెంటపడ్డాడు. అస్థికలా, ఇక్కడే కలపాలి, ఇక్కడ కాకపోతే ముక్తి లేదు అని హిందీలో అరిచాడు. ముక్తి అన్న మాట ఒక్కటే ఆవిడకి అర్థమైంది. “ముక్తి కాదు నాయనా, సలి కావాలి మా ఆయనకి,” అని తెలుగులో చెప్పి ముందుకి నడిచింది. ఆ ఏడు సిమ్లాలో మంచు పడలేదు. అక్కడ రెండు రోజులు ఎదురు చూసి, రాత్రి బస్సు వద్దని పగటి బస్సెక్కి, కింద లోయ కనబడినప్పుడల్లా ఆయన భయపడతాడని డబ్బా మూత మీద చెయ్యి అడ్డం పెట్టి, మనాలి చేరారు. డ్రైవరు ఒక చేత్తో టీ తాగుతూ నడిపాడు.

పదకొండు రోజులు. పదకొండు రోజులు ఉలవపొడికి దేశం చూపించింది. పదకొండు రోజులు చప్పటి రొట్టెలు మింగుతూ, ఒక చెంచాడు పొడి ఉంటే ఎంత బాగుండునని మనసులో ఏడుస్తూ, కిలో పొడిని గుండెలకి హత్తుకుని తిరిగింది.

ఆ మంచులో ఆవిడకి ముందు ఇవేవీ తట్టలేదు. తట్టింది ఒక్కటే. పొడి ఇక్కడుంటే, ఆయన ఎక్కడ? వంటింటి అలమార్లో. వంటింట్లో ఎవరున్నారు?

“వదిన గానీ అన్నంలో కలుపుకోలేదు కదే?” అంది.

ఆశాజ్యోతి గ్లవ్స్ పళ్లతో లాగి, ఫోను కలిపి స్పీకరు పెట్టింది.

“వదినా, బాగున్నావా?”

“నాను బాగానే ఉన్నాను. నువ్వేటలగ వణుకుతున్నావ్?”

“సలి. వదినా, వంటింటి అలమార్లో స్టీలు డబ్బా ఒకటుండాలి...”

“మీ ఇంట్లో స్టీలు డబ్బాలు తప్ప ఏటున్నాయే? ఏ డబ్బా?”

“టేపు సుట్టినది.”

“ఓ, అదా. తీసీసినాను.”

వరహాలమ్మ మంచులో అలాగే కూలబడింది.

“తీసి?”

“బూడిదున్నాది. ఒలమ్మా, ఎంత మెత్తటి బూడిదే! ఈ గేసు పొయ్యిల కాలంలో అంత బూడిద ఎక్కడ సంపాయించేవే?”

“తిన్నేదు కదా?”

“బూడిదెవులైనా తింతారేటే, నీకు గానీ సలికి మతి పోయిందా?”

“మరేటి సేసేవు వదినా?”

“సిక్కుడు పాదుకి పేనుబంక పట్టీసింది కదే. నువ్వు దానికోసమే దాసేవనుకున్నాను. తెల్లారగట్ల ఆకు తడి మీదున్నప్పుడు సల్లీసినాను. మూడు రోజులు సల్లేను. డబ్బా తోమీసి పంచదార పోసీసినాను.”

“మొత్తమా?”

“మొత్తమే. దాసుకుని ఏటి సేత్తావు? ఇప్పుడొచ్చి సూడాలి నువ్వు కాపు! ఆకు కనబడితే ఒట్టు. ఈదంతా పంచేను. గురునాథానికి రెండు కేజీలు పంపేను. నానైతే రోజూ అదే కూర. ఎంత రుసని!”

ఫోను ఎవరు పెట్టేశారో ఎవరికీ గుర్తు లేదు. ఆశాజ్యోతి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తోందనుకుని వరహాలమ్మ చెయ్యి లాగి చూసింది.

“నవ్వేవంటే ఈ కొండ మీంచి తోసీత్తాను గుంటా!”

“నవ్వట్లేదమ్మా,” అంది ఆశాజ్యోతి, నవ్వుతూ, కన్నీళ్లు కారుతూ. “నాన్న... వీధంతా...”

“నోర్ముయ్.”

నాలుగు జంటలు ఫోటోలు తీసుకుని వెళ్లిపోయాయి. మంచు మీద తిప్పే బండి వాడు వచ్చి హిందీలో ఏదో అడిగి, ఆవిడ ముఖం చూసి జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు. వరహాలమ్మ మాత్రం కదల్లేదు. చనిపోయిన రోజు కూడా ఇంత దెబ్బ తగల్లేదు. ఆ రోజు చుట్టూ జనం, ఎవరి ఏడుపు వాళ్లది, చెయ్యాల్సిన పనులు. ఇప్పుడు పనే లేదు. మాట ఇచ్చిన మనిషి ఇక్కడుంది, మాట పుచ్చుకున్నవాడు గాజువాకలో చిక్కుడు పందిరి మీద. మళ్లీ ఆ ఎండలోనే. మళ్లీ ఆ ఉక్కలోనే. ముప్పై నాలుగేళ్లు కాలింది చాలక, ఒక రోజంతా చితి మీద కాలింది చాలక.

“మోసం సేసేను మీ నాన్నని,” అంది.

“నువ్వు కాదమ్మా. డబ్బా మరిచిపోయింది నేను.”

“నువ్వు మర్సిపోయినది పొడి. నాను మోసుకొచ్చినదీ పొడే. మరి మనం తెచ్చిందేటి ఇంత దూరం?”

ఆవిడ లేచి, చీర కుచ్చిళ్లకి అంటిన మంచు దులుపుకుని, కిందికి నడిచింది. దారిలో దాబాలో అన్నం అడిగింది. రాజ్మా వద్దని చేత్తో ఆపి, వేడి అన్నం మీద నెయ్యి వేయించుకుని, డబ్బాలోంచి నాలుగు చెంచాల పొడి వేసి కలిపింది. కూతురికి ముద్ద పెట్టింది, తను తింది. దాబా అతను వాసనకి దగ్గరికొస్తే అతనికీ ఒక ముద్ద పెట్టింది. అతను దగ్గి, కళ్లు తుడుచుకుని, ఇంకోటి కావాలని చెయ్యి చాపాడు. మిగిలిన పొడంతా అతని ప్లాస్టిక్ సీసాలోకి ఒంపేసింది. ఇచ్చేసి, డబ్బా అక్కడే కడిగి, మళ్లీ కొండెక్కడం మొదలుపెట్టింది.

“ఎక్కడికమ్మా?”

పైకెళ్లి, ఎవరూ తొక్కని చోటు వెతికి, చేతులతో తవ్వి, డబ్బా నిండా మంచు కుక్కి, మూత బిగించి, టేపు చుట్టింది.

“బస్సు దిగేలోపే నీళ్లయిపోతుందమ్మా అది.”

“అవనీ. ఆయన బూడిదైపోలేదేటి?”

తిరుగు ప్రయాణం నాలుగు రోజులు. ఈసారి డబ్బాతో ఒక్క మాటా మాట్లాడలేదు. మాట్లాడాల్సినది వదినతో. చెప్పాలా, వద్దా? నాగపూర్ దాకా చెప్పకూడదనే అనుకుంది. ఎనభైకి దగ్గరపడిన మనిషి, పది రోజులుగా అదే కూర తింటున్న మనిషి, వింటే ఏమైపోతుందో. విజయవాడ దాటాక, తను చెప్పకపోతే ఆ పాదు ముందు రోజూ ఒంటరిగా నిలబడాల్సింది తనే కదా అనిపించింది.

గాజువాకలో ఆటో దిగేసరికి మధ్యాహ్నం. ఎండ అప్పుడే మార్చి ఎండలా ఉంది. పందిరి మీద చిక్కుడు తీగ గోడ దాటి పక్కింటి సన్‌షేడ్ మీదికి పాకింది. గుత్తులు గుత్తులుగా కాయలు. ఒక్క పురుగు లేదు. సన్యాసమ్మ చేట పట్టుకుని ఎదురొచ్చింది.

“ఒలే వరాలూ, ఇలగ నల్లబడిపోయేవేటే? మంచులో కూడా నల్లబడతారా? రా, కూర పొయ్యి మీదున్నాది.”

వరహాలమ్మ సంచి దించలేదు. బూట్లు విప్పి, నేరుగా పాదు దగ్గరికి వెళ్లి, డబ్బా తీసి టేపు ఊడదీసింది. లోపల నీళ్లు. పాదు మొదట్లో కాసిని పోసింది.

“గంగేటే? గంగని తెచ్చి మొక్కకి పోసీత్తన్నావా, పాపం!” సన్యాసమ్మ చేట పడేసి పరుగెత్తుకొచ్చి దోసిలి పట్టింది.

“గంగ కాదొదినా. మంచు.”

“మంచేటి?”

“మీ తమ్ముడికి సూపిత్తానన్నాను. అతను రాలేదు. అందుకని తెచ్చేను.”

“అతనేటి, రావడమేటి?”

“వదినా, నువ్వు పాదు మీద సల్లిన బూడిద పొయ్యిలోది కాదు. మన గుంట మూడోనాడు కాటి నుంచి తెచ్చినది. ఆ డబ్బాలో మా బావ.”

సన్యాసమ్మ దోసిలి అలాగే ఉండిపోయింది. పాదుని చూసింది. కాయల్ని చూసింది. పడేసిన చేట పక్కన చెదిరిన గుత్తుల్ని చూసింది. ఒక చెయ్యి నోటి మీదికి వెళ్లింది, రెండోది కడుపు మీదికి. గట్టు మీద కూచుండిపోయింది. లోపల కూర అడుగంటుతున్న వాసన వస్తోంది, ఎవరూ కదల్లేదు. ఆశాజ్యోతి గుమ్మంలోనే నిలబడిపోయింది, సంచి ఒక భుజం నుంచి జారుతూ.

సన్యాసమ్మ వేళ్లు మడవడం మొదలుపెట్టింది.

“కొండలరావోళ్లకి ఇచ్చేను. తాయారుకి ఇచ్చేను. సివర ఇంటోళ్లకి... గురునాథానికి రెండు కేజీలు. తొడబుట్టినోడు... ఒలమ్మో.”

“తెలీక సేసేవు వదినా.”

“ఇప్పుడు నాను తానం సెయ్యాలా?”

“నాకు తెల్దు.”

“ఎన్ని తానాలు సెయ్యాలి?”

పంతులుగారిని అడిగితే మంచు సంగతిలాగే ఇదీ ఆయన దగ్గర ఉండదు. సన్యాసమ్మ తీగ కేసి చూస్తూ కూచుంది. ఆవిడ ముఖంలో భయం ఎప్పుడు పోయిందో, దాని బదులు ఏమొచ్చిందో వరహాలమ్మకి అంతుపట్టలేదు. చివరికి ఎవరి మీదో ఫిర్యాదు చేస్తున్నట్టు అంది.

“వాడికి సిక్కుడుకాయంటే పడదు కదే. సిన్నప్పుడు కంచం తోసీసీవోడు.”

“అవునొదినా. ముప్పై నాలుగేళ్లు కేరేజీలో ఒక్కసారీ పెట్టలేదు నాను.”

డబ్బాలో ఇంకా సగం నీళ్లున్నాయి. వరహాలమ్మ దాన్ని వదినకి అందించింది. సన్యాసమ్మ అటూ ఇటూ చూసి, మూత మీద అక్షరాల్ని తడిమి, వంగి, తమ్ముడికి చిన్నప్పుడు నీళ్లు పోసినట్టే మెల్లమెల్లగా పోసింది.